దిగగలిగినంత ఎత్తే ఎక్కండి

1911 జులై 28. ఇప్పుడు ఇటలీలో, అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న బ్రెంటా పర్వతాలు. అక్కడి కాంపనీలే బాసో నాలుగు వైపులా నిటారుగా లేచిన రాతి స్తంభం. 1899లో ఒట్టో ఆంప్‌ఫెరర్, కార్ల్ బెర్గర్ మొదటిసారి దాని కొసకు చేరారు. తూర్పు వైపు గోడను మాత్రం ఎవరూ ఎక్కలేదు. సుమారు 120 మీటర్ల ఆ గోడను పాల్ ప్రాయిస్ అనే 24 ఏళ్ల ఆస్ట్రియా యువకుడు ఆ రోజు ఒంటరిగా ఎక్కాడు. నడుముకు తాడు లేదు. బండ పగుళ్లలో దిగగొట్టడానికి ఇనుప మేకులు లేవు. ఆ దారిని అంతకుముందు ఎక్కి చూసుకున్నదీ లేదు. రెండు గంటల్లో శిఖరం మీద ఉన్నాడు. అక్కడి నుంచి కిందికి కూడా తాడు సాయం లేకుండానే దిగాడు.

ఇలాంటి కథ మొదలుపెట్టగానే భయాన్ని వదిలేయండి, దూకేయండి అనే ఉపన్యాసం వస్తుందని పాఠకులు అనుకుంటారు. ప్రాయిస్ పేరు చెప్పి ఆ మాట అంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. ఆయన ఎవరినీ దూకమనలేదు. నా చేతనైనది ఎంత, నేను తలకెత్తుకుంటున్నది ఎంత అని జీవితమంతా లెక్క చూసుకున్న మనిషి ఆయన. ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టాలనుకునే కుర్రాడికి, ఇల్లు కుదువ పెట్టి కొడుకును అమెరికా పంపాలనుకునే తండ్రికి, మూడేళ్లుగా గ్రూప్స్‌కి చదువుతున్న అమ్మాయికి ఆ లెక్క కావాలి. కొండలెక్కే అలవాటు మీకు లేకపోయినా ప్రాయిస్ మీకు పనికొచ్చే మనిషి.

ఆయన పుట్టింది 1886 ఆగస్టు 19న, ఆస్ట్రియాలో ఆల్టావుసే అనే పల్లెలో. తండ్రి హంగరీ నుంచి వచ్చిన యూదుడు, సంగీతం మాస్టారు. చిన్నతనంలోనే ప్రాయిస్‌కు పోలియోలాంటి జబ్బు చేసి ఒళ్లు పాక్షికంగా చచ్చుబడింది. కొంతకాలం చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. కోలుకున్నాక తండ్రి వెంట కొండల్లో మొక్కలు చూస్తూ తిరగడం మొదలైంది. ఆ తండ్రి కూడా పిల్లవాడికి పదేళ్లప్పుడే పోయాడు. మొక్కల మీద ఇష్టం మాత్రం పోలేదు. పెద్దయ్యాక మ్యూనిక్‌లో వృక్ష శరీరధర్మశాస్త్రంలోనే డాక్టరేట్ తీసుకున్నాడు.

బలహీనమైన కాళ్లతో మొదలైన ఈ మనిషి కండను ఎలా కూడబెట్టాడో చూడండి. ఒంటి చేత్తో ఒళ్లు పైకి లాక్కునే కసరత్తు చేసేవాడు. బీరువా మీద రెండు గాజు గ్లాసులు బోర్లించి, వాటిని పట్టుకుని పైకి లేచేవాడని ఆయన గురించి చెబుతారు. నునుపైన గాజు మీద వేళ్లు నిలిస్తే గరుకు బండ మీద నిలవడం తేలిక. బతికిన 27 ఏళ్లలో సుమారు 1,200 ఆరోహణలు చేశాడు, వాటిలో 300 దాకా ఒంటరిగా చేసినవి. కాంపనీలే బాసో మీద ఆ రెండు గంటల వెనుక ఇంత నిల్వ ఉంది. చూసేవాళ్లకు సాహసం కనిపిస్తుంది, నిల్వ కనిపించదు. మనం ఎవరినైనా ఆదర్శంగా పెట్టుకున్నప్పుడు చేసే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వాళ్లు చేసిన పెద్ద పనిని అనుకరిస్తాం, దానికి ముందు చేసిన చిన్న పనులను అడగం.

ఆ రోజుల్లో కొండలెక్కే తీరు మారిపోతోంది. బండలో కొట్టే మేకులు మెరుగుపడుతున్నాయి, తాడును మేకుకు తగిలించే కొక్కేలు వస్తున్నాయి. తాడుకు వేలాడుతూ పక్కకు జరిగే పద్ధతులు కనిపెడుతున్నారు. వీటితో అంతకుముందు అసాధ్యమనుకున్న గోడలు వరసగా లొంగుతున్నాయి. అందరూ సంబరపడుతున్న వేళ, 1911 ఆగస్టులో ప్రాయిస్ ఒక జర్మన్ పర్వతారోహణ పత్రికలో కృత్రిమ సాధనాల మీద వ్యాసం రాశాడు. మేకు కొట్టుకుంటూ పైకి పోవడం ఎక్కడం అవుతుందా అని నిలదీశాడు. పెద్ద గొడవే జరిగింది. డోలమైట్స్‌లో పేరుమోసిన టీటా పియాజ్, కైజర్ పర్వతాల్లో ఉద్దండుడు ఫ్రాంజ్ నీబెర్ల్, కొత్త తాడు విద్యలో ఆరితేరిన హాన్స్ డుల్ఫర్ ఎదురు నిలిచారు. 1912 జనవరిలో మ్యూనిక్‌లో దీని మీద బహిరంగ చర్చ కూడా నడిచింది. ఆ వాదన క్రమంలో ప్రాయిస్ తన ఆలోచనను ఆరు సూత్రాలుగా పెట్టాడు. మన బతుకులకు పనికొచ్చే వాటి దగ్గర ఆగుతాను.

మొదటి సూత్రం సారం ఇది: ఎక్కబోయే కొండకు నువ్వు సరిసమానంగా ఉంటే సరిపోదు, దానికన్నా పైన ఉండాలి. అంటే పనికి నూరు పాళ్ల బలం కావాలంటే మీ దగ్గర నూటయాభై ఉండాలి. మనం చేసేది దీనికి తలకిందులు. నూరు కావాల్సిన చోటికి ఎనభైతో వెళ్లి, మిగతా ఇరవై పట్టుదలతో, దేవుడి దయతో నెట్టుకొస్తామనుకుంటాం. ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి ఇంటి అద్దం ముందు గడగడా చెప్పిన జవాబు బోర్డు ముందు ఎందుకు రాదు? ఇంట్లో మీరు ఆ జవాబుకు సరిసమానం మాత్రమే. బోర్డు ముందు గుండెదడ కొంత లాగేస్తుంది, ఎదుటివాళ్ల చూపు కొంత లాగేస్తుంది. అవి లాగేసుకున్నాక కూడా మిగిలేటంత ఉండాలి.

మీరు పనికన్నా పైన ఉన్నారో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బాగున్న రోజున కాకుండా బాగాలేని రోజున ఆ పని చేసి చూడండి. నిద్ర చాలని ఉదయం, తలనొప్పిగా ఉన్న సాయంత్రం, పక్కింట్లో మైకు మోగుతున్నప్పుడు ఒక మాదిరి ప్రశ్నపత్రం రాయండి. ఆ రోజు వచ్చిన మార్కులే మీ మార్కులు. మంచి రోజు వచ్చినవి బోనస్. ఇలా లెక్క పెట్టుకుంటే మొదట మనసు చివుక్కుమంటుంది, నిజమే. పరీక్ష హాల్లో చివుక్కుమనడం కన్నా ఇదే నయం.

రెండో సూత్రమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. ఏ కష్టాన్ని నువ్వు నిబ్బరంగా, మనసులో బెరుకు లేకుండా దిగిరాగలవో, ఎక్కేటప్పుడు అంతకుమించిన కష్టానికి పోవద్దన్నాడు ప్రాయిస్. కొండ ఎక్కినవాళ్లకు ఇది ఎంత కఠినమైన షరతో తెలుసు. ఎక్కేటప్పుడు పట్టు కళ్లముందే ఉంటుంది. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో కనిపించదు, ఒంటి బరువు కిందికి లాగుతుంటుంది. అప్పటికే అలసిపోయి ఉంటాం. పైకి వెళ్లగలిగిన చాలా చోట్ల నుంచి మనిషి కిందికి రాలేడు. తాడు లేనివాడు అలాంటి చోట ఇరుక్కుంటే అక్కడితో సరి. కాబట్టి ప్రతి అడుగు వేసే ముందూ ప్రాయిస్ ఆ అడుగును వెనక్కి తీసుకోగలనా అని చూసుకోవాల్సిందే. ఆయన నిబ్బరం అంతా ఇక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. దిగే దారి చేతిలో ఉన్నవాడికి ఎక్కేటప్పుడు వణుకు పుట్టదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి రండి. ఎమ్మెస్ చదువుకు అప్పు తీసుకుంటున్నాం. ఎక్కే దారి అందరికీ కంఠతా వచ్చు: ఏ యూనివర్సిటీ, ఏ కన్సల్టెన్సీ, వీసా ఇంటర్వ్యూ ఏ నగరంలో, వెళ్లాక ఎన్నాళ్లకు ఉద్యోగం, ఎన్నేళ్లకు అప్పు తీరడం. దిగే దారి అడిగి చూడండి. చదువు మధ్యలో ఆరోగ్యం చెడితే? ఉద్యోగం రాకపోతే? వీసా నిబంధన మారితే? ఆ మాట ఎత్తడమే అపశకునం అన్నట్టు ఇంట్లోవాళ్లు నోరు మూయిస్తారు. పిల్లలు పైకి వెళ్లాక, దిగలేని చోట ఇరుక్కుని, ఫోన్లో బాగానే ఉన్నామని చెబుతుంటారు. వెళ్లొద్దని నేను అనడం లేదు. వెళ్లిన వేలమంది బాగుపడ్డారు. కుదువ పెట్టేది ఉన్న ఒక్క ఇల్లయితే, అది పోయినా కుటుంబం ఎక్కడ ఉంటుందో ముందే కాగితం మీద రాయాలంటున్నాను. రాయలేకపోతే మొత్తం తగ్గించండి, లేదా ఖర్చు తక్కువ ఉన్న దారి చూడండి, లేదా ఏడాది ఆగండి.

వ్యాపారం పెట్టేవాళ్లకూ ఇదే మాట. ఎంత పెట్టుబడి పెడతారో అందరూ చెప్పగలరు. ఎంత పోయాక ఆపేస్తారో ముందే అనుకున్నవాళ్లు తక్కువ. ఆ అంకెను నష్టం రాకముందే, తల చల్లగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. నష్టం మొదలయ్యాక ఇంకో రెండు నెలలు చూద్దాం అనే మాట తప్ప ఇంకేదీ నోట రాదు.

ఇక మేకుల సంగతి. ప్రాయిస్ మేకును పూర్తిగా నిషేధించాడని చాలామంది పొరబడతారు. ఆయన అన్నది వేరు. మేకు ఆపద వేళకు దాచుకునే వస్తువు, దాన్నే ఆధారం చేసుకుని ఎక్కే పద్ధతి కట్టుకోవద్దన్నాడు. తాడు విషయంలోనూ అంతే. ఎక్కడాన్ని అది సులువు చేస్తే చెయ్యొచ్చు, అది లేకపోతే ఎక్కనే లేని స్థితి మాత్రం రాకూడదు. మీ బతుకులో మేకులేవో ఒకసారి లెక్క వేసుకోండి. నెలాఖరున క్రెడిట్ కార్డు గీకడం మేకు. ఆసుపత్రి ఖర్చుకు ఒకసారి గీకితే అది ఉన్నది అందుకే. ప్రతి నెలా కిరాణా దానిమీదే నడుస్తుంటే మీరు గోడ ఎక్కడం లేదు, మేకులకు వేలాడుతున్నారు. అన్నయ్య సర్దే డబ్బు, మామయ్య చేసే సిఫారసు, పరీక్ష ముందు రాత్రి తెరిచే గైడు, ఆఫీసులో ప్రతి ఈమెయిల్‌నూ ఫోన్లోని యాప్‌తో రాయించుకోవడం కూడా మేకులే. వేటినీ పారేయనక్కర్లేదు. వారంలో ఒక రోజు ఏదో ఒకటి తీసేసి పనిచేసి చూడండి. పని కుంటుపడినా నడిస్తే అది సాయం. పూర్తిగా ఆగిపోతే నేర్చుకోవాల్సింది ఇంకా ఉందని అర్థం.

ప్రాయిస్‌తో విభేదించినవాళ్ల మాట కూడా వినాలి. సమయానికి కొట్టిన ఒక్క మేకు ఒక ప్రాణం నిలబెడుతుందంటే, స్వచ్ఛమైన పద్ధతి పేరుతో దాన్ని కాదనడం న్యాయమా అని వాళ్లు అడిగారు. గట్టి ప్రశ్న. కొండల మీద చరిత్ర వాళ్ల వైపే మొగ్గింది. నేడు ప్రపంచమంతా దాదాపు అందరూ తాడుతో, రక్షణతోనే ఎక్కుతారు, అలాగే ఎక్కాలి. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మన మలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద, శిక్షకుల కళ్లముందు. ఇది చదివి ఏ పిల్లలైనా సరదాకి బండల మీదికి పాకితే ఈ వ్యాసం రాసినందుకు నాకు మిగిలేది బాధే. తాడు వదిలేయమని చెప్పడానికి ప్రాయిస్‌ను తలచుకోవడం లేదు. తాడు ఉంది కదా అని చేతకాని గోడకు పోవద్దన్న ఆయన మాట కోసం తలచుకుంటున్నాను.

తాడు ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదని, మ్యూనిక్ చర్చ జరిగి ఏడాది తిరగకుండానే ఆయన కళ్లారా చూడాల్సి వచ్చింది. 1912 ఆగస్టు 15, మోన్ బ్లాంక్ ప్రాంతంలోని మోన్ రూజ్ శిఖరం. హంఫ్రీ ఓవెన్ జోన్స్ అనే వేల్స్ రసాయన శాస్త్రవేత్త, పెళ్లయి రెండు వారాలే అయిన ఆయన భార్య మ్యూరియల్, గైడు జూలియస్ ట్రఫర్ ఒకే తాడుకు కట్టుకుని ఎక్కుతున్నారు. ప్రాయిస్ తాడు లేకుండా కొంచెం ముందు ఉన్నాడు. గైడు పట్టుకున్న రాయి ఊడింది. అతను పడుతూ జోన్స్‌నూ పడేశాడు, ఆ ఇద్దరి బరువూ మ్యూరియల్‌ను లాగింది. ముగ్గురూ కింది హిమానీనదం మీదికి పోయారు. ప్రాయిస్ మిగిలాడు. ఎక్కడా గట్టిగా కట్టని తాడు రక్షణగా కనిపించి ముగ్గురినీ కలిపి తీసుకుపోయింది. తాడు చెడ్డదని దీనికి అర్థం కాదు. ఎక్కడో ఒకచోట స్థిరంగా కట్టి ఉంటేనే అది రక్షణ. స్నేహితుల అప్పులకు హామీ సంతకాలు పెట్టేవాళ్లు ఈ సంఘటనను రెండుసార్లు చదవాలి.

ఆరో సూత్రంలో ప్రాయిస్ భద్రత గురించే మాట్లాడాడు, దాన్ని అత్యున్నతమైన వాటిలో ఒకటిగా నిలబెట్టాడు. నా తడబాటును సాధనాలతో కప్పిపుచ్చుకుంటే అది భద్రత కాదన్నాడు. నేను చేయాలనుకున్నదానికీ చేయగలిగినదానికీ మధ్య ఉన్న దూరాన్ని సరిగ్గా అంచనా వేయడంలోనే అసలు భద్రత ఉందన్నాడు. పాతికేళ్ల కుర్రాడు ఈ మాట అన్నాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ వయసులో మనలో చాలామందికి కోరికే కొలత.

అయితే ఈ అంచనా వేసేది ఎవరు? ఇక్కడే ప్రాయిస్ జీవితం మనల్ని గట్టిగా ఆపుతుంది. 1913 అక్టోబరు 3న గోసావుకామ్ పర్వతాల్లోని మాండ్ల్‌కోగెల్ ఉత్తరపు అంచును తొలిసారిగా, ఒంటరిగా ఎక్కబోయి ఆయన పడిపోయాడు. 300 మీటర్లకు పైగా పడ్డాడు. కొత్తగా కురిసిన మంచు కింద కొన్ని రోజుల తర్వాత గానీ శవం దొరకలేదు. 27 ఏళ్లు. ఏం జరిగిందో చూసినవాళ్లు ఎవరూ లేరు. రాయి ఊడిందో, చెయ్యి జారిందో రకరకాలుగా ఊహించారు, తేలలేదు.

చచ్చిపోయిన మనిషి సలహా మనకెందుకు అనొచ్చు. నేను ఇలా చూస్తాను. తన బలాన్ని కొలవడంలో ఆయనకు సాటి లేరు. కానీ రాయి బలాన్ని ఎవరూ పూర్తిగా కొలవలేరు, మోన్ రూజ్ మీద ఊడింది కూడా రాయే. మన నైపుణ్యానికి లొంగని భాగం ప్రతి పనిలోనూ ఉంటుంది. ఎక్కడం ఎంత బాగా వచ్చినా ఆ భాగానికి ప్రాణం అప్పగించే పని చెయ్యకూడదన్నది నా అభిప్రాయం, ఈ ఒక్క చోట ప్రాయిస్‌తో నేను ఏకీభవించలేను. రెండోది, తనను తాను కొలుచుకునేవాడికి పక్కన మరో కొలిచేవాడు ఉండాలి. మీ పనిని దగ్గర నుంచి చూసిన ఒకరిని, మీరంటే ఇష్టం ఉండీ మొహమాటం లేని ఒకరిని పట్టుకోండి. అమ్మ అయితే ఎక్కువ చెబుతుంది, పోటీదారు అయితే తక్కువ చెబుతాడు. పాత మాస్టారో, కలిసి పనిచేసిన సీనియరో అయితే బాగుంటుంది. ఈ పని నా వల్ల అవుతుందా అని అడగొద్దు, అవుతుందనే అంటారు. ఇందులో నేను ఎక్కడ దొరికిపోతాను అని అడగండి.

ప్రాయిస్ పోయాక యూరప్‌లో యుద్ధం వచ్చింది, ఆ తర్వాత యూదులను ద్వేషించే రోజులు వచ్చాయి. యూదు తండ్రికి పుట్టినవాడు కావడంతో జర్మన్ మాట్లాడే పర్వతారోహకుల లోకంలో ఆయన పేరు మసకబారింది. మళ్లీ వెలుగులోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు పర్వతారోహకుడు రైన్‌హోల్డ్ మెస్నర్. బోల్టులు కొట్టి కొండను లొంగదీసుకోవడాన్ని ఖండిస్తూ 1968లోనే వ్యాసం రాసిన మెస్నర్, 1980 ఆగస్టు 20న ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఒంటరిగా ఎవరెస్ట్ ఎక్కాడు. ప్రాయిస్ గురించి పుస్తకమే రాశాడు.

ఈ తరంలో తాడు లేకుండా ఎక్కేవాళ్లలో అందరికీ తెలిసిన పేరు అలెక్స్ హానల్డ్. 2017 జూన్ 3న కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్‌ను, దాదాపు 900 మీటర్ల గోడను, తాడు లేకుండా 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కాడు. దాని మీద తీసిన ఫ్రీ సోలో చిత్రానికి ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాలో నేను అందరికీ చూడమని చెప్పేది శిఖరం చేరిన ఘట్టం కాదు. అంతకుముందు ఏడాది, 2016లో, ఆయన ఒకసారి మొదలుపెట్టి, కొంతదూరం వెళ్లాక కుదరడం లేదనిపించి ఆపేశాడు. కెమెరాలు తిరుగుతున్నాయి, ఏర్పాట్లన్నీ జరిగిపోయాయి, స్నేహితులు గోడ మీద వేలాడుతూ చిత్రీకరిస్తున్నారు. అయినా ఆపేశాడు. తర్వాత తాడు కట్టుకుని అదే గోడ మీద ఒక్కో పట్టునూ మళ్లీ మళ్లీ సాధన చేసి, మరుసటి ఏడాది వచ్చాడు.

అంతమంది చూస్తుండగా వెనక్కి రావడానికి ఆయనకు వీలు కల్పించింది చుట్టూ ఉన్నవాళ్లు కూడా. వచ్చినందుకు ఆయనను ఎవరూ చిన్నచూపు చూడలేదు. మన ఇళ్లలో లోటు ఇక్కడే. పిల్లలు వెనక్కి రాలేకపోవడానికి దారి లేకపోవడం కన్నా ముఖం చెల్లకపోవడమే పెద్ద కారణం. ఊళ్లో బంధువులు ఏమంటారో, ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటోల సంగతేమిటో అని తల్లిదండ్రులే ముందు కుంగిపోతారు. కొడుకునో కూతుర్నో పెద్ద పనికి పంపే ముందు తల్లిదండ్రులు, ఆ బిడ్డ, ముగ్గురూ కూర్చుని మూడు సంగతులు తేల్చుకోండి: ఎంత డబ్బు అయిపోతే ఆపాలి, ఏ తేదీ దాటితే ఆపాలి, ఒంట్లోనూ మనసులోనూ ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి. అలా ఆపి ఇంటికొచ్చిన రోజు ఎవరు స్టేషన్‌కో ఎయిర్‌పోర్టుకో వెళ్లి తీసుకురావాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి. బంధువులు అడిగితే ఏం చెప్పాలో నాన్నే నేర్చుకుని ఉండాలి. ఈ మాటలన్నీ ప్రయాణానికి ముందే జరగాలి, టికెట్ కొన్న రాత్రికైనా.